పెద్దనాయిన తోటలో తెల్లపురుగులు

పోయిన వారం మా పక్క ఫ్లాటు కోడలు తన మందార మొక్కకు ఏదో అయిందని, వచ్చి చూడమని పిలిచింది. తూంకుంటలో మాది నాలుగో అంతస్తు. ఈ ఎత్తుకు దోమలు కూడా ఆయాసపడుతూ వస్తాయని మా ఆయన అంటుంటారు గానీ, పిండినల్లికి లిఫ్టు ఎక్కడం వచ్చినట్టుంది, కొమ్మల కణుపుల దగ్గరంతా దూది అద్దినట్టు తెల్లగా పేరుకుపోయింది. ఆ పిల్ల రెండు రోజులుగా సబ్బునీళ్లు కొడుతోందట. "చిన్నయన్ని పోయినయ్ ఆంటీ, గీ పెద్దయే మొండికేసినయ్. చేత్తోని నలిపేస్తున్న" అంటూ ఒకదాని మీదికి వేలు పెట్టబోయింది. ఒంటి నిండా మైనపు పోగులతో, మామూలు పిండినల్లికి రెండింతలున్న తెల్లపురుగు. నేను గబుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానో, ఆ పిల్ల బెదిరిపోయింది. "దాన్ని నలపకమ్మా. మిగిలినవాటిని తినేది గదే. అక్షింతల పురుగు పిల్ల అది. ఇంకొన్ని దినాలైతే రెక్కలొస్తయ్, అప్పుడు నువ్వే గుర్తువడ్తవ్" అన్నాను. "మీకెట్ల తెలుసు ఆంటీ?" అని అడిగింది. మా నాయినకు ద్రాక్షతోట ఉండేదని చెప్పాను. అది అబద్ధం కాదు, నిజంలో చాలా చిన్న ముక్క. ఆ ముక్క ముందుపెట్టి మిగతాది దాచుకోవడం నాకు ముప్పయ్యేళ్లుగా అలవాటు.

ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు గానీ, తొంభైల్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఏ దారిన పోయినా ద్రాక్ష పందిళ్లే. రాతి కడీలు పాతి, వాటి మీద ఇనుప తీగలు లాగి, ఆ తీగల మీద ద్రాక్షను పాకించేవారు. కింద నడుస్తుంటే మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా, సగం చీకటిగా ఉండేది. మా వైపు పెంచేది అనాబ్-ఎ-షాహి. అంత పేరు పలికే ఓపిక ఎవరికీ లేక అనాబు అనేవాళ్లం. పొడవాటి కాయ, వెలుతురుకు పట్టి చూస్తే లోపలి విత్తనం కనబడేంత పల్చటి తొక్క. ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు: ఎండలు ముదిరేటప్పుడు కొమ్మ కోసం ఒకటి, దసరా వెళ్లాక కాయ కోసం ఒకటి. ఆ రెండో కత్తిరింపు కాగానే ఆడవాళ్లందరం కొడవళ్లు పట్టుకుని మోడుల మీది పాత బెరడు గీకేవాళ్లం. గీకిన ప్రతి పేలికనూ గోనెసంచిలో ఎత్తి, తోట బయటికి మోసుకుపోయి కాల్చాలి. పిండినల్లి ఎండకూ వానకూ దొరక్కుండా తలదాచుకునేది ఆ బెరడు కిందే. మా అమ్మ ఈ పనిని తీగలకు పేలు తీయడం అనేది. నిజంగానే అలాగే ఉండేది, కబుర్లు చెప్పుకుంటూ, ఒకరి వరసలో మిగిలిపోయింది ఇంకొకరు ఎత్తిచూపి దెప్పుకుంటూ. ఆ తీగలు నేను పుట్టిన ఏడు నాటినవి. ఇంటికి కొత్తవాళ్లెవరైనా వస్తే నాయిన ముందు తోట చూపించి, ఆ తర్వాత నన్ను చూపించేవాడు. నాకు దాని మీద కొంచెం ఉక్రోషం ఉండేది గానీ, లోలోపల గర్వం కూడా ఉండేది.

మా తోట పక్కనే పెద్దనాయిన తోట. నాయినకు స్వయానా అన్న. తాత బతికుండగానే ఇద్దరికీ పంచి, మధ్యలో నడుమెత్తు రాతిగోడ కట్టించాడు. రెండు తోటలకూ కలిపి ఉన్న ఒక్క బావి మా వైపు పడింది. అందుకు బదులుగా పెద్దనాయినకు నేల ఎక్కువ వచ్చింది. పంపకం న్యాయమైనదే, తాత దగ్గర ఎవరూ కిక్కురుమనలేదు. పెద్దనాయిన భారీ మనిషి. నవ్వితే గుండ్లపోచంపల్లి రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా వినబడుతుందని పెద్దమ్మ అనేది. పెళ్లిళ్లలో, పంచాయితీల్లో ఆయన లేకపోతే పని సాగేది కాదు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని పందిరి కింద తిప్పేవాడు, నేను తల పైకెత్తి కాయలు నోటితోనే కొరికేదాన్ని. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పరాయివాడి మీద పగ పట్టడం తేలిక. భుజాల మీద ఎక్కించుకున్నవాడి మీద పట్టాలంటే మనిషిలో కొంత సరుకు ఉండాలి. నాకు ఆ సరుకు కావలసినంత ఉంది.

తాత పోయిన రెండో ఎండాకాలం పెద్దనాయిన బోరు వేయించాడు. తనకున్న అంత నేలలో ఎక్కడైనా వేయించుకోవచ్చు. మా బావికి సరిగ్గా ఎదురుగా, గోడకు మూడడుగుల దూరంలో వేయించాడు. వారం తిరిగేసరికి మా బావిలో అడుగున ఉన్న బురద, ఆ బురదలో కప్పలు కనిపించాయి. నేలా ఆయనకే, నీళ్లూ ఆయనకే అయిపోయాయి. నాయిన గోడ దగ్గరికి పోయి నిలబడ్డ రోజు నేను ఆయన వెనకే ఉన్నాను. పెద్దనాయిన వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు, చుట్టూ కూలీలు. "అన్నా, దినానికి రెండు గంటలన్న ఇడువు. తీగలు సస్తున్నయ్" అన్నాడు నాయిన. పెద్దనాయిన తాపీగా, "భూమిల నీళ్ల మీద నీ పేరు రాసున్నదా తమ్మీ?" అన్నాడు. కూలీలు నవ్వారు. నాయిన కూడా నవ్వాడు. అవమానం జరిగినప్పుడు అదేదో సరసం అన్నట్టు మనం కూడా కలిసి నవ్వుతామే, ఆ నవ్వు. ఆ ఎండాకాలం, వానలు పడి బావి మళ్లీ ఊరేలోపు, మా తోటలో సగం ఎండిపోయింది. ఎండిన తీగలు నరికి ఇంటికి తెస్తే అమ్మ వాటితోనే పొయ్యి వెలిగించింది. నా ఈడు తీగలు. ఆ మంట మీద ఉడికిన అన్నం తింటూ నేను పెద్దనాయిన తోట నాశనం కావాలని కోరుకున్నాను. ఊరికే కోరుకుని ఊరుకోలేదు, ఎలా చేయాలా అని ఆలోచించాను. మోటారు తీగ కోసేద్దామనుకున్నాను, షాక్ కొడుతుందని భయమేసింది. బోరులో రాళ్లు వేద్దామనుకున్నాను, దాని మూతికి ఇనుప మూత బిగించి ఉంది. ఇంటర్ బైపీసీ చదివి ఇంట్లో కూర్చున్న పంతొమ్మిదేళ్ల ఆడపిల్లకు పగ తీర్చుకునే మార్గాలు ఎంత తక్కువో అప్పుడు తెలిసింది.

మార్గం తనంతట తనే వచ్చింది, అదీ తెల్లటి దూది వేషంలో. ఆ ఏడు దసరా కత్తిరింపు అయ్యి, కొత్త చిగుళ్లు వచ్చి, చలి మొదలయ్యేసరికి రెండు తోటల్లోనూ పిండినల్లి కనబడింది. ప్రతి ఏడూ కాస్తో కూస్తో ఉండేదే గానీ ఈసారి చూస్తుండగానే పెరుగుతోంది. ఒక్కో ఆడపురుగు తోక వెనక దూదిసంచీ కట్టుకుని అందులో వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. నేను పాత నోటుపుస్తకం తీసి లెక్క వేశాను: ఒక పురుగు, దానికి మూడొందల పిల్లలు, వాటిలో సగం ఆడవి, నెల తిరిగితే వాటికి ఒక్కోదానికి మళ్లీ మూడొందలు. మూడో నెలకల్లా పేజీ అడ్డంగా తిప్పి రాయాల్సి వచ్చింది. ఆరో నెల దాకా పోతే శామీర్‌పేట చెరువు నిండి కట్ట తెగిపోయేన్ని పురుగులు. మరి ఇన్నేళ్లుగా ప్రపంచం పిండినల్లితో ఎందుకు నిండిపోలేదు? కాలేజీలో ఈ పాఠం చెప్పారు. అప్పుడు మార్కుల కోసం చదివాను గానీ, దాని అర్థం బెరడు గీకే చేతులకే తెలిసింది.

నాయిన సిటీ అవతల పురుగుల మీద పరిశోధన చేసే ఒక ఆఫీసుకు పోయి అక్కడి సారును వెంటబెట్టుకొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, కోస్తా యాసతో మాట్లాడే మనిషి. పందిరి కింద వంగి వంగి తిరిగి, భూతద్దం పెట్టి చూసి, నా నోటుపుస్తకం లెక్క చూసి ముచ్చటపడ్డాడు. "వాటంతట అవి ఆగవమ్మాయ్. తినేవాడన్నా ఉండాలి, వాటి తిండన్నా అయిపోవాలి. రెండోదాని దాకా రానిచ్చామంటే మన తోట కూడా అయిపోయినట్టే" అన్నాడు. మందు కొడితే తినేవాడు ముందు చస్తాడనీ, పిండినల్లి మైనం కింద బతికిపోతుందనీ, వారంలో రెండింతలై వస్తుందనీ చెప్పాడు. చీమల సంగతి కూడా చెప్పాడు. పిండినల్లి తేనెలాంటి జిగురు విసర్జిస్తుంది, చీమలు ఆ జిగురుకు ఆశపడి దాన్ని బర్రెల్లా కాసుకుంటాయట, శత్రువు వస్తే తరిమికొడతాయట. అందుకని ప్రతి మోడుకూ గుడ్డ చుట్టి గ్రీజు పూయమన్నాడు. ఆ తర్వాత నాయిన మళ్లీ ఆఫీసుకు పోయి ఒక ప్లాస్టిక్ డబ్బా నిండా అక్షింతల పురుగులు తెచ్చాడు. మామూలుగా మనం చూసే ఎర్రటివి కావు. నల్లటి రెక్కలు, నారింజ రంగు తల, మినపగింజలో సగం ఉంటాయి. ఆర్టీసీ బస్సులో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కండక్టరు మిఠాయా అని అడిగాడట. పురుగులు అని చెబితే, "వీటికి టికెట్టు తియ్యవా కాకా?" అన్నాడట. నాయిన ఆ మాట ఊరంతా చెప్పుకుని వారం రోజులు నవ్వాడు. ఎండాకాలం తర్వాత ఆయన మనస్ఫూర్తిగా నవ్వడం నేను చూసింది అప్పుడే.

పురుగులను వదిలాక మొదట్లో ఏమీ జరగలేదు. పిండినల్లి వేలల్లో ఉంది, ఇవి చూడబోతే గుప్పెడు. అమ్మ పెదవి విరిచింది. సారు ఓపిక పట్టమన్నాడు, తిండి దండిగా ఉన్నచోట తినేవాడి సంతానం కూడా పెరుగుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా అన్నాడు. నెల తిరిగేసరికి కణుపుల దగ్గర పెద్దపెద్ద తెల్లపురుగులు కనబడ్డాయి. అచ్చం పిండినల్లిలాగే, కాకపోతే దాని అవ్వలా ఉన్నాయి. అమ్మ కొడవలి తీసింది. నేనే ఆపాను, ఎందుకంటే సారు నాకు బొమ్మ గీసి మరీ చెప్పి వెళ్లాడు. అవి అక్షింతల పురుగు పిల్లలే. పిండినల్లి మధ్యలో తిరుగుతూ చీమల కళ్లు కప్పడానికి పిండినల్లి వేషమే వేస్తాయి. తల్లికన్నా పిల్లకే ఆకలి ఎక్కువ. కూర్చుని చూస్తే ఒక దూదిసంచీ మీదికి పాకి, ఎదురుగానే మొత్తం నమిలేసేవి. నేను రోజూ గంటల తరబడి పందిరి కింద కూర్చుని ఆ భోజనం చూసేదాన్ని. ఒకరి నాశనం అంత తృప్తిగా చూడొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

వాటికి గోడ లెక్కలేదు. రెక్కలొచ్చినవి పెద్దనాయిన తోటలోకీ పోయి గుడ్లు పెట్టాయి. ఆ సంగతి మాకు తెలిసేసరికి గోడ అవతల గందరగోళం మొదలైంది. పిండినల్లి మందులకు మొండికెక్కి రాక్షసిలా పెరిగిపోయిందని పెద్దనాయిన పరేషాన్ అవుతున్నాడట. పాలేరు చెప్పగా విన్న నాయిన చేతిలో పని వదిలేసి నన్ను పిలిచాడు. "బిడ్డా, జల్దీ పోయి మీ పెద్దనాయినకు చెప్పు. గవి మంచి పురుగులు, ముట్టొద్దని చెప్పు. నేను పోతే బాగుండదు, నువ్వు పో" అన్నాడు. నేను ఆయన ముఖం చూశాను. ఎనిమిది నెలల క్రితం కూలీల ముందు నవ్వులపాలైన ముఖం. దాని మీద పగ జాడ లేదు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఇంత మంచి మనిషికి బిడ్డగా పుట్టడం ఒక శిక్ష అనిపించింది.

గోడ దగ్గరికి పోయాను. పెద్దనాయిన అటువైపు నుంచి తనే వచ్చాడు. అరచేతిలో రెండు తెల్లపురుగులు. నీళ్ల గొడవ తర్వాత ఆయన నాతో మాట్లాడటం అదే మొదటిసారి, గొంతులో కొంచెం బెరుకు ఉంది. "ఏంది బిడ్డా గివి? మీ తోటల కూడా ఉన్నయా? మీరేం జేస్తున్రు?" అని అడిగాడు. నా నోట్లో నాయిన మాట ఉంది. నాలుక మీదికి మాత్రం వేరే మాట వచ్చింది. "ఉన్నయ్ పెద్దనాయినా. మస్తుగున్నయ్. గీ పెద్దయే అసలు తల్లిపురుగులంట. మేం కూలోళ్లను పెట్టి ఏరించి కిరసనాయిల్ల ఏస్తున్నం" అన్నాను. ఎక్కడా తడబడలేదు. ఆయన తల ఊపి, "సదువుకున్నదానివి, నీకు ఎర్కుంటది" అన్నాడు. ఇంటికి వచ్చి నాయిన అడిగితే, చెప్పిన నాయినా అన్నాను. ఇనెటట్టున్నడా అని అడిగాడు. ఏమో, ఆయన ఎవరి మాట ఇంటడు అన్నాను. ఒకే పూట రెండు అబద్ధాలు. మొదటిది చెప్పినప్పుడు గుండె పొంగింది. రెండోదాని గురించి అప్పుడు నేను ఏమీ అనుకోలేదు.

మర్నాటి నుంచి పెద్దనాయిన తోటలో పదిమంది ఆడవాళ్లు దిగారు. బకెట్లలో నీళ్లు, పైన కిరసనాయిలు. తీగ తీగ వెతికి, చిన్న పిండినల్లిని వదిలేసి, దాన్ని తినే పురుగును మాత్రం ఏరి ఏరి చంపారు. బకెట్లు తెల్లగా నిండేవి. పిండినల్లికి అంతకన్నా మంచి సేవ ఎవరూ చేసి ఉండరు. ఏరడం అయ్యాక తోటంతటికీ మందు కొట్టించాడు, దాంతో రెక్కలున్నవి కూడా రాలిపోయాయి. నేను గోడకు ఇవతల నిలబడి చూసేదాన్ని. పాపం అనుకోవాల్సిన చోట నేను అనుకోలేదు, ఇప్పుడు కూడా అనుకోవడం లేదు. మాఘమాసం వచ్చేసరికి ఆపేవాళ్లు లేక పిండినల్లి నా నోటుపుస్తకం లెక్కను నిజం చేసింది. గుత్తి గుత్తికీ జిగురు, జిగురు మీద మసిలాంటి బూజు, ఆ మసి మీద బారులు తీరిన చీమలు. పందిరి కింద నడిస్తే తల వెంట్రుకలు అంటుకుపోయేవట. సిటీ నుంచి వచ్చిన బేరగాడు ఒక గుత్తి చేతిలోకి తీసుకుని, కింద పడేసి, చేతులు కడుక్కోవడానికి నీళ్లు అడిగాడు. అక్కడి నుంచి తిన్నగా మా తోటకు వచ్చి ఉన్న కాయంతా మాట్లాడుకుపోయాడు. మా సగం తోట ఆ ఏడు కాసినట్టు మళ్లీ ఎప్పుడూ కాయలేదు. మొదటి గుత్తి నోట్లో వేసుకుని, గోడ అవతల పెద్దనాయిన వంచిన తల చూస్తూ తిన్నాను. అంత తీపి కాయ మళ్లీ తినలేదు. ఇందులో దాచేదేముంది, పగ తీరితే అలాగే ఉంటుంది.

నా కథ అక్కడ ఆగిపోతే నేను చాలా సుఖపడేదాన్ని. మరుసటి దసరాకు పెద్దనాయిన కత్తిరింపే పెట్టలేదు. బెరడు గీకేవాళ్లు లేరు, మసి పట్టిన గుత్తులు తీగల మీదే ఎండి వేలాడుతున్నాయి. ఆ తోటంతా పిండినల్లికి ఇల్లూ వాకిలీ అయింది. అక్కడ తిండి తరిగేసరికి చీమల బారులు గోడ ఎక్కాయి. మేము గ్రీజు పూశాం, బెరడు గీకాం, వేళ్ల కొసలు పగిలేదాకా గీకాం. వచ్చేవి వస్తూనే ఉన్నాయి. అక్షింతల పురుగుల కోసం చూస్తే ఒక్కటి లేదు. నిరుడు సారు చెప్పినట్టు వాటి తిండి కోసమని రెండు తీగల మీద పిండినల్లిని అలాగే ఉంచాం కూడా. ఆ రెండు తీగలూ అవి ఎప్పుడో ఊడ్చేశాయి. నాయిన ఆఫీసుకు పరుగెత్తాడు. ఆ ఏడు వాళ్ల దగ్గర పురుగులు తక్కువ, ముందు రాయించుకున్నవాళ్లకే చాలలేదు.

సారు మాత్రం వచ్చాడు. పందిరి కింద ఒక చుట్టు తిరిగి, గోడ దగ్గర నిలబడి అటువైపు చాలాసేపు చూశాడు. "మీ దగ్గర తిండి అయిపోయాక అవి తిండున్న చోటికే పోయుంటాయండీ. ఆ తోటలో గనక బతికుంటే ఈ ఏడు మీకు నా అవసరమే లేదు, వాటంతట అవే తిరిగొచ్చేవి. గోడ మీకే గానీ వాటికుందా? అక్కడ మందేమైనా కొట్టారా?" అని అడిగాడు. నేను సారుకు నీళ్లు ఇద్దామని చెంబు పట్టుకుని వాళ్ల పక్కనే ఉన్నాను. నాయిన నా వైపు చూపించి, "మా బిడ్డ పోయి చెప్పింది సారూ. గోడ కాడికి పోయి మరీ చెప్పింది. మా అన్నే ఇనలే" అన్నాడు. నన్ను ఎంత గర్వంగా చూపించాడంటే, తోట కన్నా ముందు నన్ను చూపించడం ఆయన జన్మలో అదే మొదటిసారి. చెంబు సారు చేతికిచ్చి నేను లోపలికి వచ్చేశాను. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరవడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాదని నాకు తెలుసు, అయినా చెప్పలేదు.

ఇంకో రెండేళ్లు ఈడ్చాం. ఆ తర్వాత నాయిన మిగిలిన తీగలు కూడా నరికించి, కడీలు పీకించి, నాలుగు బర్రెలు తెచ్చి పాలు పోసుకునే పనిలో పడ్డాడు. రోజూ తెల్లారి మేడ్చల్‌కు క్యాన్లు కట్టుకుని సైకిల్ మీద పోయేవాడు. నాకు పెళ్లయి శామీర్‌పేట వైపు వచ్చేశాను. పుట్టింటికి పోయినప్పుడల్లా చూస్తే అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకుంటున్నారు. తోటలు పోయాయి గనక ఇక పోట్లాడుకోవడానికి ఏమీ లేదు అనుకున్నాను. గోడ మీద చెరో వైపు మోచేతులు ఆనించి బర్రెల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. నాయిన ఎలా మర్చిపోగలడు అని మండేది. నేను పెద్దనాయినతో మాట్లాడేదాన్ని కాదు, పలకరిస్తే తల మాత్రం ఊపేదాన్ని. మా అమ్మ ఇదేం పొగరే అని కసిరేది. పదేళ్లు అలాగే గడిచాయి. ఆ పదేళ్లలో నాయిన పక్కన కూర్చుని, నాయినా నేనొక పని చేసిన అని మొదలుపెట్టబోయిన సందర్భాలు లెక్కలేనన్ని. ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం వచ్చేది, పాలవాళ్లో, పిల్లలో, ఏమీ లేకపోతే నా పిరికితనమో.

నాయిన రెండువేల ఆరు ప్రాంతంలో పోయాడు, పాలు పోసి వచ్చి మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే. పదకొండో రోజు భోజనాలయ్యాక వచ్చినవాళ్లంతా టెంటు కింద చేరారు. నేను బావి గట్టు దగ్గరికి పోయి కూర్చున్నాను. పెద్దనాయిన కర్ర పట్టుకుని అక్కడికి వచ్చాడు. ఆ భారీ మనిషి అప్పటికి సగమయ్యాడు. కూర్చోనా అని కూడా అడగకుండా పక్కన కూర్చున్నాడు. తర్వాత, "గా తెల్లపురుగులు ఏందో నాకు ఎర్కైంది బిడ్డా" అన్నాడు. "నా తోట పోయిన గా ఎండకాలమే మార్కెట్ యార్డుల గోడ మీద బొమ్మ ఏసుండె. కింద మిత్ర పురుగు అని రాసుండె. నేను కిరసనాయిల్ల ముంచిన పురుగే."

ఆయన కర్ర మొనతో నేల మీద గీస్తూ చెప్పుకుపోయాడు. "మస్తు కోపమొచ్చింది. నిన్ను మీ నాయిన ముంగట నిలవెట్టి అడుగుదామని సీదా మీ ఇంటికి బయల్దేరిన. గేటు కాడ మీ నాయినే ఎదురొచ్చిండు. నన్ను సూసి, 'అన్నా, మా బిడ్డ వచ్చి చెప్పంగ నువ్వు ఇనకపోతివి, గట్లెందుకు జేస్తివే' అన్నడు. గంత నమ్మకంతోని అంటుండు. ఇగ నేనేం అనాలె? అవ్ తమ్మీ, నేనే ఇనకపోతిని అన్న." "ఎందుకు?" అన్నాను నేను. నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది. అవతల ఎవరో పిలుస్తుంటే ఆయన లేచి నిలబడి, కర్ర సరిచేసుకుని, "నీళ్లయితే ఇయ్యకపోతిని గద" అని వెళ్లిపోయాడు.

అందరూ ఇలాంటి చోట ఏడుస్తారని విన్నాను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తోట పోగొట్టుకున్నా, ఊరి ముందు నోరు మూసుకుని మొండివాడనిపించుకున్నా, నా నాయిన దృష్టిలో నన్ను నిలబెట్టింది ఆయన. ఆ పదేళ్లూ గోడ మీద మోచేతులు ఆనించి నాయిన పక్కన నిలబడ్డప్పుడల్లా ఆ మాట ఆయన నోట్లోనే ఉంది, ఒక్కసారి కూడా బయటికి రానివ్వలేదు. నేను ఏం పగ తీర్చుకున్నట్టు? ఆయన తోటను చంపినందుకు నాకు పశ్చాత్తాపం లేదు, నీళ్లు ఇవ్వని మనిషికి అది తగిందే. కానీ మా తోట చావుకు ఆయనను దోషిగా నమ్మి నాయిన చనిపోయాడు. ఆ దోషం ఆయన మోస్తూ ఉంటే నేను ఆయనకు తల ఊపి పోయాను. నా ముందు మంచివాడిగా మిగిలిపోయే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? ఆ ఒక్కదానికీ ఆయనను నేను ఇప్పటికీ క్షమించలేదు, ఆయన పోయి కూడా చాలాకాలమైంది.

నాయిన ఉన్నన్నాళ్లూ నాకు పదేళ్ల సమయం ఉండింది, ప్రతిసారీ రేపు చెప్పొచ్చులే అనుకున్నాను. ఇప్పుడు రేపటి రోజులు బోలెడు మిగిలాయి, వినాల్సినవాడు ఒక్కడూ లేడు.